ముందు పాదాలు, ఆ తర్వాతే పాములు: వాన అడవి నడకకు మందుల సంచి

ఉష్ణమండల వాన అడవిలో ఎనిమిది రోజుల నడక, దారిలో వాగులు, బృందం మొత్తానికి ఒక మందుల పెట్టె నాయకుడి దగ్గర ఉంటుంది. మరి నా సొంతానికి ఏం పెట్టుకోవాలి అని అడిగారు. దానితోపాటు మీరు తయారు చేసుకున్న 41 వస్తువుల జాబితా కూడా ఇచ్చారు. శ్రద్ధగా చదివాను. అందులో పాము విషానికి విరుగుడు ఇంజెక్షను ప్రస్తావన రెండు చోట్ల ఉంది. మేజోళ్ల ప్రస్తావన ఒక్క చోటా లేదు. ఇంతకుముందు చలి కొండల్లోనే నడిచానన్నారు కాబట్టి అది మీ తప్పు కాదు.

నేను డాక్టర్ని కాను. పద్నాలుగేళ్లుగా ఇలాంటి నడకల్లో బృందం మందుల పెట్టె మోస్తున్న మనిషిని, ప్రథమ చికిత్సలో శిక్షణ పొందినవాణ్ణి. కింద చెప్పేవాటిలో చీటీ మీద దొరికే మందులన్నీ మీ డాక్టర్‌తో మాట్లాడాకే సంచిలోకి రావాలి. మీ పాత జబ్బులు, మీరు వాడే మందులు, మీకు పడనివి ఆయనకు తెలుస్తాయి, నాకు తెలియవు.

చలి కొండలో చిన్న గీత పడితే అది దానంతట అదే ఆరిపోతుంది. వాన అడవిలో ఏదీ ఆరదు. చొక్కా ఆరదు, బూటు ఆరదు, పుండూ ఆరదు. పొద్దున ముల్లు గీరిన చోట మర్నాటి సాయంత్రానికి ఎర్రగా వాచి చీము పట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే ఈ సంచి సర్దేటప్పుడు ప్రతి వస్తువునూ ఒకటే ప్రశ్న అడగండి: తడిసినా ఇది పని చేస్తుందా? నా మొదటి నడకకు దుకాణంలో సర్ది అమ్మే ఎర్ర జిప్పు సంచి తీసుకెళ్లాను. మూడో రోజు సాయంత్రం తెరిస్తే గాజుగుడ్డల కాగితపు కవర్లు నాని విచ్చుకున్నాయి, ప్లాస్టర్లు ఒకదానికొకటి అతుక్కున్నాయి, సీసాలో పోసుకున్న మాత్రలు ముద్దయ్యాయి. మిగిలింది కత్తెర ఒక్కటే. అదీ తుప్పు పట్టింది. మీరు కొనాలనుకుంటున్న సంచి కూడా దాదాపు ఆ జాతిదే. కొనండి, తప్పు లేదు, కానీ అందులో సగం తీసి పక్కన పెట్టి, మిగతా సగం మీరే సమకూర్చుకోవాలి.

పాదాలతో మొదలుపెడతాను. నడక మధ్యలో ఆపేసి వెనక్కి వెళ్లినవాళ్లలో ఎక్కువమందిని ఆపింది పాదాలే. బూట్లు మొదటి వాగు దగ్గరే తడుస్తాయి, చివరి రోజు దాకా తడిగానే ఉంటాయి. వాటిని ఆరబెట్టాలని రాత్రి నిప్పు దగ్గర పెడితే అడుగు ఊడి వస్తుంది. కాబట్టి పగలు తడి, రాత్రి పొడి అని ఒప్పందం చేసుకోండి. ఒక జత మేజోళ్లు నిద్రకు మాత్రమే. అవి నీళ్లు చొరని సంచిలో ఉండాలి, ఎంత మనసైనా వాటితో ఒక్క అడుగు నడవకూడదు. పొద్దున్నే పొడి మేజోళ్లు విప్పి, పిండిన తడి మేజోళ్లు తొడుక్కోవడం ఈ నడక మొత్తంలో అతి అసహ్యమైన నిమిషం. అయినా చేయాలి. రోజంతా నానిన చర్మం తెల్లగా, ముడతలు పడి, మెత్తబడుతుంది. రాత్రి ఏడెనిమిది గంటలు గాలి, పొడి తగిలితే మళ్లీ గట్టిపడుతుంది. ఆ విరామం దొరకకపోతే రెండు మూడు రోజుల్లో పాదం మొద్దుబారి, తిమ్మిరెక్కి, తర్వాత అడుగు వేస్తే మంటపుట్టే స్థితికి వస్తుంది. అక్కడి దాకా వచ్చాక సంచిలో ఏ మందూ దాన్ని ఒక రాత్రిలో బాగు చేయదు. ఒక చిన్న డబ్బా పాదాల పౌడరు, క్లోట్రిమజోల్ క్రీము ఒక ట్యూబు పెట్టుకోండి. క్రీము వేళ్ల సందులకు, గజ్జలకు. ఈ రెండు చోట్లా తామర మొలవడానికి అడవి నాలుగు రోజుల కంటే ఎక్కువ సమయం అడగదు.

బొబ్బల సంగతి. బొబ్బ లేచే ముందు ఆ చోట వేడిగా చురుక్కుమంటుంది. చురుక్కుమన్నప్పుడే ఆగాలి, తర్వాతి విశ్రాంతి చోటు దాకా ఓర్చుకోకూడదు. బృందం ముందు ఆగమని అడగడానికి మొహమాటపడినవాళ్లే మర్నాడు బృందం మొత్తాన్ని ఆపుతారు. మామూలు ప్లాస్టర్లు ఇక్కడ అరగంటలో మేజోడులో చుట్టుకుపోతాయి. జెల్ లాంటి ఖరీదైన బొబ్బ ప్లాస్టర్లు పొడి నేల మీద అద్భుతం, ఇక్కడ నాకు ఎప్పుడూ నిలవలేదు. పని చేసేది సాగని రకం జింక్ ఆక్సైడ్ టేపు, వెడల్పుది, ఒక చుట్ట. దాన్ని తడి చర్మం మీద అంటించకండి. రాత్రి పాదం ఆరాక, స్పిరిట్ తుడుపుతో తుడిచి, చుట్టూ కొంచెం టింక్చర్ బెంజాయిన్ (చర్మానికి టేపు పట్టేలా చేసే జిగురు ద్రావకం) రాసి, అది జిగురుగా మారాక టేపు వేయండి. టేపు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే పైకి లేవదు. మీ మడమ ఎక్కడ ఒరుస్తుందో మీకు ముందే తెలుసు కాబట్టి మొదటి రోజు బయలుదేరే ముందే వేసుకోండి. వేశాక రోజూ పీకకండి, రెండు మూడు రోజులు ఉండనివ్వండి. లేచిన బొబ్బ చిన్నదైతే ముట్టుకోవద్దు. పెద్దదై, ఎలాగూ పగిలేలా ఉంటే స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచు దగ్గర గుచ్చి నీరు తీయండి. పై పొరను మాత్రం కత్తిరించకండి, దానికి మించిన కట్టు మీ సంచిలో లేదు.

తొడలు ఒరుసుకోవడం గురించి ఎవరూ అడగరు, అందరూ బాధపడతారు. మొదటి రోజు పొద్దున్నే వాజిలీన్ రాసుకోండి. ఎర్రబడ్డాక రాయడం ఆలస్యం. నూలు లోదుస్తులు ఇంట్లో వదిలేయండి.

గాయాలకు మీ జాబితాలో నాలుగు రకాల యాంటీసెప్టిక్‌లు ఉన్నాయి. ఒక చిన్న సీసా పోవిడోన్ అయోడిన్ చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ తీసేయండి. నురగ చూడటానికి బాగుంటుంది కానీ మానుతున్న కండను కూడా దెబ్బతీస్తుంది. అసలు పని మందుది కాదు, నీళ్లది. 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి పెట్టుకోండి, సూది లేకుండా. తాగడానికి శుద్ధి చేసిన నీటితో గాయాన్ని గట్టిగా, పదే పదే చిమ్మి కడగాలి. అర లీటరు ఖర్చు పెట్టడానికి వెనకాడకండి. వాగు నీళ్లతో కడగడం కడగడం కాదు. ఆ తర్వాత అయోడిన్, పుండుకు అతుక్కోని రకం గాజుగుడ్డ, పైన టేపు. రోజూ విప్పి చూసి మార్చాలి. మట్టి చేరిన గాయం అంచులను టేపు కుట్లతో, జిగురుతో దగ్గరికి లాగి మూసేయకండి, లోపల చీము కట్టుకుంటుంది. ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి సమయం రాయడం నా అలవాటు. మర్నాటికి ఎరుపు గీత దాటిందా లేదా అన్నదే నాయకుడు, ఉపగ్రహ ఫోనులో డాక్టరు మొదట అడిగే ప్రశ్న.

వాగు దాటే ముందు తెరిచి ఉన్న గాయాలను నీళ్లు చొరని ప్లాస్టర్‌తో మూయడం కూడా ఇందులో భాగమే. ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీటి నుంచి గీతల గుండా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, ఎర్రబడ్డ కళ్లు దాని గుర్తులు. కొన్ని సందర్భాల్లో డాక్టర్లు దానికి ముందుజాగ్రత్తగా వారానికి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. మీ దారిలో వాగులెన్ని ఉన్నాయో డాక్టర్‌కు చెప్పండి, ఆయనే నిర్ణయిస్తారు.

సన్నమొన ట్వీజర్ మంచిది కొనండి, దీని మీద పిసినారితనం వద్దు. పేము తీగల ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి. జారినప్పుడు చేతికి అందిన కొమ్మ పట్టుకోవడం చలి కొండల అలవాటు. ఇక్కడ ఆ కొమ్మ మీ అరచేతిలో ఒక డజను ముళ్లు వదులుతుంది. పల్చటి తోటపని చేతి తొడుగులు ఒక జత ఉంటే ట్వీజర్‌కు సగం పని తగ్గుతుంది.

పిడుదు అంటుకుంటే ట్వీజర్‌తో చర్మానికి వీలైనంత దగ్గర పట్టుకుని నేరుగా పైకి లాగాలి. తిప్పకూడదు, కాల్చకూడదు, వాజిలీన్ పూసి ఎదురు చూడకూడదు. జలగల విషయంలో మీరు ఉప్పు పొట్లం రాశారు. ఉప్పు, నిప్పు, వెనిగర్ ఏది పెట్టినా జలగ తన కడుపులోది మీ గాయంలోకి కక్కే అవకాశం ఉంది. దాని సన్నటి కొన తల వైపు. అక్కడ చర్మాన్ని కాస్త బిగించి, గోరు అడ్డంగా జరిపి పట్టు విడిపించండి, తర్వాత లావు కొనను. అది రక్తం గడ్డకట్టకుండా చేసే హిరుడిన్ అనే పదార్థాన్ని వదులుతుంది కాబట్టి ఊడాక గంటల తరబడి రక్తం కారవచ్చు. చొక్కా నిండా రక్తం చూసి కొత్తవాళ్లు హడలిపోతారు. కడిగి, గాజుగుడ్డ పెట్టి ఒత్తి ఉంచితే చాలు. మోకాలి దాకా వచ్చే దట్టమైన నేత జలగ మేజోళ్లు ఒక జత కొనుక్కుంటే ఈ పేరా చాలావరకు మరిచిపోవచ్చు.

కడుపు. ఓఆర్‌ఎస్ పొట్లాలు కనీసం ఆరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఉన్నవే చూసి కొనండి: లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. పొట్లం మీద ఎంత నీటిలో కలపమని ఉందో అంత నీటిలోనే, పూర్తిగా కలపాలి. పొట్లాలు అయిపోతే శుద్ధి చేసిన లీటరు నీటిలో తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఇది విరేచనాలకే కాదు, చెమటకు కూడా. రోజంతా ధారగా చెమట పోస్తూ వట్టి నీళ్లే లీటర్లు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి, అది నీరసమనుకుని పక్కవాళ్లు ఇంకా నీళ్లు పోస్తారు.

నీళ్ల విరేచనాలకు లోపెరమైడ్ పెట్టుకోండి కానీ దాన్ని ప్రయాణపు మాత్రగా చూడండి. పడవ ఎక్కాల్సిన రోజున, నిటారు ఎక్కుడు ఉన్న రోజున పనికొస్తుంది. రక్తం పడుతున్నా, జ్వరం ఉన్నా వేసుకోకూడదు. అలాంటి తీవ్రమైన విరేచనాలకు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాయమని మీ డాక్టర్‌ను అడగండి. సిప్రోఫ్లోక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ ఆసియాలో చాలా చోట్ల పట్టు కోల్పోయింది. యాంటీబయాటిక్ తీసుకెళ్లాలా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే: ఒకటి లేదా రెండు రకాలు, ఏ గుర్తులు కనిపిస్తే ఎంత వేసుకోవాలో డాక్టర్ చేత రాయించుకున్న చీటీతో. చీటీ లేకుండా మూడు రకాలు తీసుకెళ్లినవాళ్లు మొదటి తుమ్ముకే వేసేసుకోవడం చూశాను.

నీటి శుద్ధికి క్లోరిన్ బిళ్లలు మంచివే, కానీ విరేచనాలు తెప్పించే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మ పరాన్నజీవిని అవి చంపలేవు. వడపోత గానీ, ఒక నిమిషం తెర్లే మరుగు గానీ కావాలి.

ఇప్పుడు మీ జాబితాలో నన్ను నిజంగా కలవరపెట్టిన అంశం: జ్వరానికి, ఒళ్లు నొప్పులకు మీరు పెట్టుకున్నది ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్. ఉష్ణమండలంలో కారణం తెలియని జ్వరం డెంగీ కావచ్చు, ఆ రెండూ డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, రోజు మొత్తానికి 4 గ్రాములు మించకుండా. ఇబుప్రోఫెన్ బెణికిన చీలమండకు నాలుగు మాత్రలుంటే ఉండనివ్వండి, వేరే పొట్లంలో, మీద «జ్వరానికి వద్దు» అని రాసి. ఒక చిన్న డిజిటల్ థర్మామీటరు కూడా పెట్టండి. ఒళ్లు వెచ్చగా ఉందనడానికి, 39.4 డిగ్రీల సెల్సియస్ అనడానికి అడవిలో చాలా తేడా ఉంది. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్లు 40 దాటి కాలుతుంటే, అది ఎండలో, ఎక్కుడులో జరిగితే, వడదెబ్బ అనుకుని వెంటనే నీళ్లతో తడిపి విసరాలి. దానికి పారాసిటమాల్ పని చేయదు.

జ్వరం వచ్చినవాడి నడుము పట్టీ కింద, చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. అది స్క్రబ్ టైఫస్ కావచ్చు, ఒక రకం చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది, డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది. చెప్పకపోతే డాక్టర్ కూడా అక్కడ చూడకపోవచ్చు.

దోమలను తరిమే పూత మందుల్లో 30 శాతం పైన డీట్ ఉన్నది, లేదా 20 శాతం పికారిడిన్ ఉన్నది తీసుకోండి. డీట్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. నా గడియారం అద్దం మీద నా వేలిముద్ర ఇప్పటికీ శాశ్వతంగా ఉంది. ఎండ క్రీము ముందు, ఇది తర్వాత. బట్టలకు బయలుదేరే ముందే పెర్మెత్రిన్ అనే పురుగుల మందు చల్లి ఆరబెట్టండి. పిల్లి ఉంటే ఆరేదాకా దాన్ని దగ్గరికి రానివ్వకండి, వాటికి అది విషం. డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారుదాకా. కాబట్టి దోమతెర ఒక్కటే సరిపోదు.

పాముల దగ్గరికి వచ్చాం. విరుగుడు ఇంజెక్షను మోయకండి. చాలా రకాలను చల్లగా ఉంచాలి, ఏ పాముకు ఏది అన్న లెక్క ఉంది, అన్నిటికీ మించి ఆ మందే ప్రాణాంతకమైన అలర్జీ తెప్పించవచ్చు. అది ఆసుపత్రి మంచం మీద ఎక్కించాల్సిన మందు. విషం పీల్చే పంపు కూడా తీసేయండి, అది రక్తం లాగుతుంది, విషాన్ని లాగదు. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు. కావలసింది 10 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పున్న సాగే కట్టు గుడ్డలు రెండు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడ్డ కాలినో చేతినో కర్ర కట్టి కదలకుండా చేసి, మనిషిని నడిపించకుండా మోయాలి. అవయవం మొత్తానికి బెణుకు కట్టంత బిగువుగా కట్టు చుట్టడం నరాల మీద పనిచేసే విషానికి మేలు చేస్తుంది, కండను కుళ్లబెట్టే రక్తపింజరి జాతి విషానికి కీడు చేయవచ్చు. మీరు వెళ్లే అడవిలో ఏ పాములున్నాయి, అక్కడ ఏ పద్ధతి పాటిస్తారు అన్నది బయలుదేరే ముందే నాయకుణ్ణి అడగండి. ఆ కట్టు గుడ్డలు పాము కనబడకపోయినా వృథా కావు. బెణుకులకు రోజూ ఎవరో ఒకరు అడుగుతారు.

పాము కంటే నేను కందిరీగలకు భయపడతాను. ఎండుకొమ్మ మీద చేయి వేస్తే తుట్టె మొత్తం లేస్తుంది. మీకు గానీ ఇంతకుముందు కుట్టినప్పుడు దద్దుర్లు, ఊపిరాడకపోవడం జరిగి ఉంటే అడ్రినలిన్ ఆటో ఇంజెక్టర్లు (ఒత్తితే మందు తానే ఎక్కించే పెన్ను లాంటి ఇంజెక్షన్లు) రెండు ఉండాలి. పెద్దవాళ్లకు సాధారణంగా 0.3 మిల్లీగ్రాములది, తొడ బయటి వైపు, ప్యాంటు మీదుగానే. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండోది. సెటిరిజిన్ అనే అలర్జీ మాత్ర దురదకే, ఊపిరికి కాదు. ఆ ఇంజెక్టర్ ఎక్కడుందో మీ వెనక నడిచేవాడికి తెలిసి ఉండాలి.

కోతి కరిచినా, గీరినా, గబ్బిలం తగిలినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, నడక అక్కడితో ఆపి రేబిస్ టీకాకు బయలుదేరాలి. ముందే టీకా వేయించుకున్నవాళ్లకు ఇమ్యునోగ్లోబులిన్ (టీకాతోపాటు ఇచ్చే రెడీమేడ్ ప్రతిరక్షకాల ఇంజెక్షను) అవసరం ఉండదు, కానీ టీకా మోతాదులు మళ్లీ తప్పవు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

బృందంలో ఎవరి చేతిలో మచ్చుకత్తి ఉన్నా, అడవిలోకెల్లా ప్రమాదకరమైన జంతువు ఆయనే. కత్తి అందేంత దూరంలో నడవకండి. చేతినో కాలినో బిగించి రక్తం ఆపే పట్టీ అయిన టూర్నికే, ఒత్తిడి కట్టు నాయకుడి పెట్టెలో ఉన్నాయా అని అడిగి చూడండి. లేకపోతే మీరే ఒకటి మోయండి, వాడటం నేర్చుకుని మరీ. పాము కాటుకు వద్దన్నది ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

సర్దడం. మాత్రలన్నీ రేకు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, కత్తిరిస్తే పేరు, గడువు తేదీ ఉన్న ముక్క పోకుండా కత్తిరించండి. ఒక్కో అవసరానికి ఒక్కో చిన్న జిప్పు కవరు: పాదాలు, గాయాలు, కడుపు, జ్వరం. ప్రతిదానిలో ఒక సిలికా జెల్ పొట్లం, పెన్సిలుతో రాసిన చీటీ. సిరా కారిపోతుంది, పెన్సిలు కారదు. అన్నీ కలిపి చుట్టి మూసే నీళ్లు చొరని సంచిలో, వీపు సంచి పైభాగంలో. టేపు ముక్క, రెండు స్పిరిట్ తుడుపులు, ట్వీజర్, ఒక ఓఆర్‌ఎస్ మాత్రం నడుము జేబులో విడిగా. వాటి కోసం వానలో సంచి మొత్తం విప్పాల్సి వస్తే మీరు విప్పరు, బద్ధకిస్తారు, నేనూ అంతే. నాది మొత్తం ఆరు వందల గ్రాములు తూగుతుంది. మీరు రోజూ వాడే మందులు ఉంటే రెండు భాగాలు చేసి రెండో భాగం తోటివారి సంచిలో పెట్టండి, వాగులో సంచి కొట్టుకుపోవడం కథల్లోనే జరగదు. కాంటాక్ట్ లెన్సులు వద్దు, కళ్లద్దాలు రెండు జతలు. కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు కొన్ని దేశాల సరిహద్దుల్లో నేరం కింద లెక్క. డాక్టర్ చీటీలో మందుల అసలు పేర్లు ఉండాలి, బ్రాండ్ పేర్లు కాదు.

మీ 41లో నేను కొట్టేసినవి: ఉప్పు, పాము విరుగుడు ఇంజెక్షను, విషం పంపు, పెరాక్సైడ్, కుట్లు వేసే సూదీ దారం, చల్లదనం పొట్లాలు, బొమ్మల ప్లాస్టర్ల పెట్టె, మిగతా అదనపు యాంటీసెప్టిక్‌లు, ఆస్పిరిన్, 80 పేజీల ప్రథమ చికిత్స పుస్తకం. పుస్తకం ఇంట్లో చదవండి.

తిరిగొచ్చాక సంచి ఖాళీ చేసేటప్పుడు ఒక్క స్ట్రిప్పును పక్కన పెట్టండి. మలేరియా రాకుండా డాక్టర్ డాక్సీసైక్లిన్ రాసి ఉంటే, ఆ ప్రాంతం వదిలాక ఇంకా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. నిండు గ్లాసు నీళ్లతో, వేసుకున్నాక వెంటనే పడుకోకుండా. ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మొదటి వాక్యంలోనే అడవికి వెళ్లొచ్చానని, ఏ తేదీల్లోనో చెప్పండి.